మీ షాపు గురించి ఆన్‌లైన్‌లో ఎవరేమంటున్నారో తెలుసుకోవడం ఎలా? పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టే పద్ధతి

స్వీట్ షాపు వాళ్లు, హోమ్ ఫుడ్స్ నడిపేవాళ్లు, డెంటల్ క్లినిక్ పెట్టిన డాక్టర్లు, కోచింగ్ సెంటర్ల వాళ్లు అందరూ ఒకటే అడుగుతున్నారు: "మా గురించి ఆన్‌లైన్‌లో ఏమంటున్నారో తెలియాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?"

ఒకటి రెండు బ్రాంచీలున్న వ్యాపారానికి ఇప్పుడే ఏదీ కొనక్కర్లేదు. గూగుల్ అలర్ట్స్ (మీరిచ్చిన మాట వెబ్‌లో కొత్తగా కనిపిస్తే మెయిల్ పంపే సేవ), గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో మీ షాపు వివరాలు, రివ్యూలు ఉండే పేజీ), ఒక్కో యాప్‌లో ఉండే సెర్చ్, ఒక షీట్ ఉంటే చాలు. చాలామందికి ఇవి ఉన్నా ఫలితం రావడం లేదంటే కారణం టూల్ కాదు. షాపు పేరును ఇంగ్లిష్‌లో బోర్డు మీద ఉన్నట్టే ఒక్కసారి కొట్టి వదిలేస్తారు. జనం మాత్రం ఆ పేరును పది రకాలుగా రాస్తారు. అందుకే ఈ పద్ధతిలో ఎక్కువ శ్రమ మొదటి మెట్టులోనే ఉంటుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- యజమాని పేరు మీద ఉన్న జీమెయిల్. పనిచేసే కుర్రాడిదీ, డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీదీ వద్దు. వాళ్లు మానేసిన రోజు మీ ప్రొఫైల్ కూడా వాళ్లతోనే పోతుంది.
- ఒక గూగుల్ షీట్. లేదంటే గీతల నోటుబుక్ అయినా సరే.
- మొదటి రోజు ఒక పూట, తర్వాత రోజూ పావుగంట.
- జవాబు రాసే మనిషి ఒకరు, డబ్బు వెనక్కివ్వాలా వద్దా అని అక్కడికక్కడే తేల్చగల మనిషి ఒకరు. ఇద్దరూ ఒకరే అయితే ఇంకా మంచిది.

1. పేర్ల జాబితా రాయండి

మీ షాపు పేరు "శ్రీ వెంకటేశ్వర స్వీట్స్" అనుకుందాం. ప్రతి ఊళ్లోనూ ఉండే పేరు కాబట్టి ఉదాహరణకు బాగా పనికొస్తుంది. షీట్‌లో ఒక్కో వరుసలో ఒక్కో రూపం రాసుకుంటూ పోండి.

తెలుగు లిపిలో: వెంకటేశ్వర, వేంకటేశ్వర, వెంకటేశ్వరా, వెంకటేస్వర. "శ్రీ" ఉన్నదొకటి, లేనిదొకటి. స్వీట్స్, స్వీట్ షాప్, స్వీట్ హౌస్, మిఠాయి కొట్టు.

ఇంగ్లిష్ అక్షరాల్లో: మొదటి అక్షరం "వి" ఒకటి, "డబ్ల్యూ"తో వచ్చేది ఒకటి. "శ" దగ్గర ఉత్త "ఎస్" ఒకటి, పక్కన "హెచ్" చేర్చింది ఒకటి. చివర "ఏ" ఉన్నది, లేనిది. ఫోన్‌లో గబగబా కొట్టేవాళ్లు రెండో మూడో అచ్చులు మింగేస్తారు, అవి కూడా రాయండి.

పొడి అక్షరాలు: ఎస్‌వీఎస్. కాలేజీ పిల్లలు పూర్తి పేరు వాడరు.

బోర్డు మీద లేని పేరు: "బస్టాండ్ దగ్గర స్వీట్ షాపు", "గాంధీ బొమ్మ సెంటర్లో కాజాలు", లేదంటే యజమాని పేరుతో "ఫలానా రాజుగారి కొట్టు". ఊళ్లో మిమ్మల్ని నిజంగా ఏమని పిలుస్తారో మీకంటే మీ కౌంటర్ మీద ఉన్న మనిషికి బాగా తెలుసు. ఆయన్ని అడగండి. కొత్తగా వచ్చిన కస్టమర్‌ని, "మా గురించి మీకు ఎవరైనా ఎలా చెప్పారండీ?" అని అడిగినా ఒక పేరు దొరుకుతుంది.

పేరు మరీ మామూలుదైతే పక్కన ఊరి పేరో, పేటో, మీరు బాగా చేసే వస్తువో జోడించండి. ఊరి పేరుకూ రూపాలుంటాయి: రాజమండ్రి, రాజమహేంద్రవరం, వైజాగ్, విశాఖ, విశాఖపట్నం, బెజవాడ, విజయవాడ.

ఇక్కడ తెలుగుకే ఉన్న చిక్కు ఒకటుంది. మన భాషలో విభక్తి పేరుకు అతుక్కుపోతుంది. "స్వీట్స్" అని వెతికితే "స్వీట్స్‌లో", "స్వీట్స్‌వాళ్లు" తగలకపోవచ్చు. కొటేషన్ గుర్తుల్లో పెట్టినప్పుడు సెర్చ్ అచ్చంగా ఆ రూపం కోసమే చూస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుకని తెలుగు లిపిలో వెతికేటప్పుడు పేరులో విభక్తి పడని ముందు మాటను మాత్రమే కొటేషన్లలో పెట్టండి: "వెంకటేశ్వర" కొటేషన్లలో, స్వీట్స్, ఊరి పేరు బయట.

యజమాని పేరు, మీ ఫోన్ నంబరు కూడా జాబితాలో చేర్చండి. నంబరు ఎందుకంటే, మీ పేరు వాడి వేరే నంబరు తగిలించే మోసగాళ్లను పట్టుకోవడానికి అది పనికొస్తుంది.

2. గూగుల్ అలర్ట్స్ పెట్టండి

గూగుల్ డాట్ కామ్ స్లాష్ అలర్ట్స్ పేజీకి వెళ్లి, యజమాని జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి. జాబితాలోంచి ఒక్కో రూపం పైన పెట్టెలో కొట్టండి. కింద "షో ఆప్షన్స్" నొక్కితే వచ్చేవాటిని ఇలా ఉంచండి:

- ఎంత తరచుగా: రోజుకొకసారి. "వచ్చిన వెంటనే" అన్నది మామూలు రోజుల్లో అక్కర్లేదు, మెయిళ్లతో విసుగొచ్చి చూడటమే మానేస్తారు.
- మూలాలు: ఆటోమేటిక్.
- భాష: ఏ భాషైనా. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినదాన్ని గూగుల్ ఏ భాషగా లెక్కేస్తుందో చెప్పలేం కాబట్టి ఇక్కడ ఒక భాషకు బిగించకండి.
- ప్రాంతం: ఏ ప్రాంతమైనా. మీ పచ్చడి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్తుంటే అక్కడివాళ్లు రాసేది కూడా కావాలి.
- ఎన్ని: మొదట్లో "అన్ని ఫలితాలు". చెత్త ఎక్కువైతే తర్వాత "మంచి ఫలితాలు మాత్రమే"కి మార్చండి.

సృష్టించే బటన్ నొక్కకముందే అదే పేజీలో కింద నమూనా ఫలితాలు కనిపిస్తాయి. వాటిని చదవండి. అన్నీ వేరే ఊరి షాపువే అయితే ఆ ఊరి పేరు ముందు మైనస్ గుర్తు పెట్టి తీసేయండి. మైనస్‌కీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు.

జీమెయిల్‌లో ఈ అలర్టులకు ప్రత్యేకంగా ఒక లేబుల్ పెట్టి, స్పామ్‌లోకి పోకుండా ఫిల్టర్ పెట్టుకోండి.

ఇది చూడలేనివి కూడా తెలుసుకోండి. గూగుల్ అలర్ట్స్‌కు గూగుల్ సెర్చ్‌లోకి వచ్చిన పేజీలే కనిపిస్తాయి. మ్యాప్స్‌లో రివ్యూలు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ వీడియోల కింద కామెంట్లు, ఫేస్‌బుక్ ప్రైవేట్ గ్రూపులు, వాట్సాప్ దానికి దొరకవు. అలర్ట్ రాలేదంటే ఎవరూ ఏమీ అనలేదని అర్థం కాదు. తర్వాతి రెండు మెట్లూ అందుకే.

3. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను మీ చేతిలోకి తెచ్చుకోండి

2021 దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. మ్యాప్స్‌లో మీ షాపు వెతకండి. మీరు పెట్టకపోయినా ఎవరో ఒకరు పెట్టి ఉండొచ్చు. ఈ వ్యాపారం మీదేనా అని అడిగే లింక్ నొక్కి వెరిఫికేషన్ పూర్తి చేయండి. ఎక్కువగా వీడియో అడుగుతున్నారు: మధ్యలో ఆపకుండా వీధి, బోర్డు, షాపు లోపల, మీరే నడుపుతున్నారనడానికి రుజువు చూపించాలి. షాపు తాళం మీరే తీయడం, బిల్లింగ్ కంప్యూటర్ తెరవడం లాంటివి సరిపోతాయి.

పూర్తయ్యాక చేయాల్సినవి:

రివ్యూ వస్తే ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చేలా పెట్టండి. ప్రైమరీ ఓనర్‌గా మీరే ఉండండి, ఏజెన్సీకి మేనేజర్ హోదా మాత్రమే ఇవ్వండి.

మీ షాపుకు రెండో లిస్టింగ్ ఉందేమో చూడండి. షాపు చోటు మారినప్పుడు పాతది అలాగే ఉండిపోయి, అందులో రివ్యూలు పడుతూనే ఉంటాయి.

ఫోన్ నంబరు వారానికోసారి సరిచూడండి. మ్యాప్స్‌లో వివరాలు మార్చమని ఎవరైనా సూచించవచ్చు, గూగుల్ దాన్ని ఒప్పుకోవచ్చు కూడా. మీ నంబరు స్థానంలో మోసగాడి నంబరు వస్తే ఆర్డరు డబ్బు వాడికి పోతుంది, తిట్లు మీకు వస్తాయి.

రివ్యూలను ఎప్పుడూ "కొత్తవి ముందు" క్రమంలోనే చదవండి. కస్టమర్లు పెట్టిన ఫొటోలు కూడా చూడండి. ఒక్క మాట కూడా రాయకుండా బూజు పట్టిన లడ్డూ ఫొటో మాత్రం పెట్టి పోయేవాళ్లుంటారు.

4. మిగతా చోట్ల చేత్తో వెతకండి

వారానికి రెండుసార్లు చాలు. అన్నిచోట్లా వెతకక్కర్లేదు, మీ కస్టమర్లు ఎక్కడుంటే అక్కడ చూడండి.

యూట్యూబ్‌లో మీ పేర్లు కొట్టి, ఫిల్టర్లలో అప్‌లోడ్ తేదీని ఈ నెలకు కుదించండి. ఫుడ్ వ్లాగర్ వీడియోలో మెచ్చుకున్నా, అసలు విషయం కింద కామెంట్లలో ఉంటుంది. "రేటు ఎక్కువ", "పార్కింగ్ లేదు", "మొన్న వెళ్తే ఇలా లేదు" లాంటివి అక్కడే దొరుకుతాయి.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు వెతికితే సరిపోదు. మిమ్మల్ని ట్యాగ్ చేసిన పోస్టులు, మీ షాపు లొకేషన్ పేజీ రెండూ చూడండి.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) "లేటెస్ట్" ట్యాబ్‌లోనే వెతకండి. 2024లో తెలంగాణ ఆహార భద్రత విభాగం హైదరాబాద్ హోటళ్లలో తనిఖీల వివరాలు ఎక్స్‌లో పెట్టినప్పుడు అవి అక్కడి నుంచి టీవీలకు, వాట్సాప్ గ్రూపులకు పాకాయి. మీ పేరును పోలిన పేరున్న హోటల్ ఏదైనా అలాంటి వార్తలో ఉంటే, అది మీరు కాదని చెప్పుకోవాల్సింది ఆరోజే.

ఫేస్‌బుక్‌లో మీ ఊరి గ్రూపుల్లో చేరి, గ్రూపు లోపలి సెర్చ్ వాడండి. హోటళ్లయితే జొమాటో, స్విగ్గీ, డాక్టర్లయితే ప్రాక్టో, అన్ని రకాల వాళ్లకీ జస్ట్‌డయల్. 20 మందికి పైగా సిబ్బంది ఉంటే అంబిషన్‌బాక్స్‌లో మీ దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లు ఏం రాశారో కూడా చదవండి. కొత్తవాళ్లు ఉద్యోగంలో చేరే ముందు దాన్ని చూస్తారు.

వాట్సాప్ సంగతి వేరు. అక్కడి సంభాషణలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఊళ్లోని గ్రూపులన్నీ కనిపెట్టి చూస్తామని ఏ కంపెనీ చెప్పినా డబ్బు కట్టకండి. మీ పాత కస్టమర్లకు, సిబ్బందికి, బంధువులకు ఒక నంబరిచ్చి, "మన గురించి మంచైనా చెడైనా ఏదొచ్చినా దీనికి ఫార్వర్డ్ చేయండి" అని చెప్పండి. వాట్సాప్‌కు ఇంతకు మించిన మార్గం లేదు.

5. రాసి పెట్టండి

షీట్‌లో ఈ గడులు చాలు: తేదీ, ఎక్కడ, లింక్, ఏమన్నారు (వాళ్ల మాటల్లోనే), దేని గురించి (రుచి, ప్యాకింగ్, డెలివరీ, ధర, మాటతీరు, శుభ్రత), ఎవరు చూడాలి, ఏం చేశాం, ఎప్పుడు చేశాం.

పెద్ద ఆరోపణ ఏదైనా కనిపిస్తే జవాబు ఆలోచించేలోపే స్క్రీన్‌షాట్ తీయండి. పేజీ చిరునామా, తేదీ, రాసినవారి ప్రొఫైల్ పేరు కనిపించాలి. అది అందరికీ తెరుచుకునే పేజీ అయితే వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటులో "సేవ్ పేజ్ నౌ"తో ఒక కాపీ పెట్టించండి. రాసినవాళ్లు తర్వాత మార్చినా, తీసేసినా మీ దగ్గర ఉంటుంది.

మంచి, చెడు అని టూల్ వేసే ముద్రను తెలుగు విషయంలో నమ్మకండి. "అరాచకం అన్నా ఆ బిర్యానీ", "మామూలుగా లేదు", "పిచ్చెక్కించాడు" అన్నవి పొగడ్తలు. "చాలా బాగుంది మీ సర్వీసు, గంటన్నర కూర్చోబెట్టారు" అన్నది తిట్టు. యంత్రం తిరగేసి లెక్కేసే అవకాశం ఎక్కువ. మనిషే చదివి షీట్‌లో గుర్తు పెట్టాలి.

6. జవాబు ఇవ్వండి

నిజమైన ఫిర్యాదుకు 24 గంటల్లో జవాబు వెళ్లేలా చూసుకోండి. పొగడ్తకు ఒక వాక్యం చాలు, కానీ అందరికీ అదే వాక్యం అతికించకండి. వాళ్లు ఏ భాషలో, ఏ లిపిలో రాస్తే అందులోనే రాయండి.

ఫిర్యాదుకు జవాబు నమూనా:

"మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి. శనివారం రద్దీలో ప్యాకింగ్ సరిగ్గా చూడలేదు, తప్పు మాదే. డబ్బా మార్చి ఇమ్మంటే ఇస్తాం, డబ్బు వెనక్కి కావాలన్నా ఇస్తాం. దయచేసి బిల్లు నంబరు షాపు వాట్సాప్‌కి పంపండి."

కింద బాధ్యత ఉన్న మనిషి పేరు పెట్టండి. "మేనేజ్‌మెంట్" అని పెడితే ఎవరూ మాట్లాడనట్టే ఉంటుంది. తప్పు మీది కాకపోతే "తప్పు మాదే" అని రాయొద్దు. జరిగింది ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, బిల్లు చూపమని అడగండి. అదే చోట మూడోసారి వాదించకండి. మీ జవాబును ఫిర్యాదు చేసిన ఒక్కరే కాదు, రేపు మీ దగ్గరికి రావాలా వద్దా అని చూసుకునే వందమంది చదువుతారు.

2025లో రాజమండ్రి వైపు ఒక పచ్చళ్ల వ్యాపారానికి ఏమైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధర ఎక్కువన్న కస్టమర్‌కి వాట్సాప్‌లో వెళ్లిన తిట్ల ఆడియో రెండు రాష్ట్రాలూ విన్నాయి. పచ్చడి రుచి గురించి ఎవరూ మాట్లాడలేదు. అందుకే వాట్సాప్‌లో జవాబిచ్చే మనిషికి కూడా ఈ మెట్టులో చెప్పినవన్నీ వర్తిస్తాయి. కోపంలో ఉన్నప్పుడు వాయిస్ మెసేజ్ అసలే పంపొద్దు.

డాక్టర్లకు ప్రత్యేకంగా: రోగి తన జబ్బు గురించి తానే బయట రాసినా, మీరు జవాబులో దాన్ని ప్రస్తావించకూడదు. "మా క్లినిక్‌కి ఫోన్ చేయండి, మాట్లాడదాం" అన్నంతవరకే.

ఇక రివ్యూలు కొనడం. "5 స్టార్లు ఇస్తే 10 శాతం తగ్గింపు" అని కౌంటర్ దగ్గర బోర్డు పెట్టడం, బంధువులతో రాయించడం, బాగుందన్నవాళ్లకు మాత్రమే లింక్ పంపడం, ఇవన్నీ గూగుల్ నియమాలకు విరుద్ధం. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం కూడా తెచ్చింది. నియమాల మాట పక్కన పెట్టినా, కొన్న రివ్యూలు మీ షీట్‌నే పాడుచేస్తాయి, ఏది నిజమో మీకే తెలియకుండా పోతుంది. బిజినెస్ ప్రొఫైల్‌లో రివ్యూ అడిగే క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి కౌంటర్ మీద పెట్టి అందరినీ ఒకేలా అడగండి.

7. అబద్ధపు రివ్యూ, నకిలీ పేజీ కనిపిస్తే

అబద్ధపు రివ్యూ మీద మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. కారణం సరిగ్గా ఎంచుకోవాలి: పోటీదారు రాయడం, బూతులు, మీ షాపుకు సంబంధం లేని విషయం. "మాకు నచ్చలేదు", "ఒక్క స్టారే ఇచ్చారు" అన్నవి కారణాలు కావు. రిపోర్ట్ ఎంతవరకు వచ్చిందో గూగుల్ రివ్యూల నిర్వహణ పేజీలో తెలుస్తుంది. రివ్యూను తీసేయలేమని గూగుల్ చెబితే ఒకసారి అప్పీలు చేసుకోవచ్చు. ఆ అవకాశం ఒక్కసారే కాబట్టి ఆధారాలు పోగేసుకున్నాకే వాడండి. ఈలోగా రివ్యూ కింద మర్యాదగా, "ఈ పేరుతో, ఆ తేదీన మా దగ్గర బిల్లు లేదు. దయచేసి వివరాలు పంపండి" అని రాయండి.

మీ పేరుతో నకిలీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టి ఆర్డర్లు తీసుకుంటుంటే ఆలస్యం వద్దు. పేజీని వేరేవాళ్ల పేరు వాడుతోందన్న కారణంతో రిపోర్ట్ చేయండి. మీ అసలు పేజీలో, వాట్సాప్ స్టేటస్‌లో అసలు నంబరు ఏదో వెంటనే పెట్టండి. డబ్బు పోగొట్టుకున్న కస్టమర్‌ను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మీరు కూడా ఫిర్యాదు నమోదు చేయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం ప్రతి సోషల్ మీడియా సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి.

పరువునష్టం కేసు వేస్తానని కామెంట్లలో బెదిరించకండి. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ దీనికోసమే ఉంది, కానీ కేసు నిలబడుతుందా లేదా లాయర్ చెప్పాలి. కోర్టుకు వెళ్లే పరిస్థితే వస్తే స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి.

పనిచేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి?

ముందు మీ పేర్ల జాబితా అనే వల సరిగ్గా పడుతోందో చూడండి. మీ గురించి ఇంతకుముందు ఆన్‌లైన్‌లో వచ్చినవి, మీకు తెలిసినవి ఐదారు ఎంచుకోండి: ఒక వ్లాగ్, ఒక పేపర్ వార్త, ఒక ఫేస్‌బుక్ పోస్టు. మీ పేర్ల జాబితాతో వెతికితే అవి దొరుకుతున్నాయా? దొరకనిదాన్ని తెరిచి, అందులో మీ పేరు ఎలా రాశారో చూసి ఆ రూపం జాబితాలో చేర్చండి. సెర్చ్ ఎప్పుడూ ఇన్‌కాగ్నిటో విండోలో (మీ అకౌంట్, పాత సెర్చ్‌లు లెక్కలోకి రాని బ్రౌజర్ విండో) చేయండి. మీ ఫోన్‌లో మీ షాపే ముందొస్తే అందరికీ అలాగే వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

తర్వాత బిజినెస్ ప్రొఫైల్‌లోని పర్ఫార్మెన్స్ పేజీ. జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరికి వచ్చారో అక్కడ ఉంటుంది. పేర్ల జాబితాకు అంతకన్నా మంచి ముడిసరుకు లేదు. నెలకొకసారి అక్కడి మాటలు తెచ్చి చేర్చండి.

ఒక మాటను జనం ఎప్పుడు ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో మీ షాపు పేరు కొడితే డేటా లేదని రావచ్చు. సెర్చ్‌లు తక్కువగా ఉంటే అలాగే వస్తుంది, కంగారు వద్దు. పేరుకు బదులు వస్తువుల గురించి చూడండి: పూతరేకులు, ఉలవచారు. ఏ నెలలో వెతుకులాట పెరుగుతుందో తెలుస్తుంది.

సగటు స్టార్లను రోజూ చూసుకుని మురిసిపోవడం, బాధపడటం రెండూ అనవసరం. షీట్‌లో "దేని గురించి" గడిని నెలాఖరున లెక్కపెట్టండి. ప్యాకింగ్ మీద పోయిన నెల తొమ్మిది ఫిర్యాదులుండి, డబ్బా మార్చాక ఈ నెల రెండే ఉంటే మీ పని ఫలించినట్టు. తొమ్మిదీ తొమ్మిదిగానే ఉంటే మీరు జవాబులు బాగా రాస్తున్నారు, డబ్బా మాత్రం మార్చలేదు.

డబ్బు కట్టే టూల్ ఎప్పుడు?

బ్రాంచీలు పెరిగి, రోజుకు పావుగంట గంటన్నరగా మారినప్పుడు. బ్రాండ్24, మెన్షన్, మెల్ట్‌వాటర్, మనదేశానికే చెందిన లోకోబజ్ లాంటివి ఉన్నాయి. డెమో అడగండి, కానీ వాళ్లు చూపించే పెద్ద బ్రాండ్ ఉదాహరణలు వద్దు. మీ పేర్ల జాబితా ఇచ్చి, తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ పోయిన నెల వచ్చినవి చూపమనండి. ఆ ఫలితాలను మీ షీట్‌తో పోల్చండి. చేత్తో మీరు పట్టినవి కూడా దానికి దొరక్కపోతే కట్టకండి. మానేసినప్పుడు డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి.

దసరా, సంక్రాంతి ముందు వారం, పరీక్షా ఫలితాల వారం, కొత్త బ్రాంచీ తెరిచిన వారం మాత్రం అలర్టులను "వచ్చిన వెంటనే"కి మార్చి, చేత్తో వెతికేది రోజూ చేయండి. పండగ అయ్యాక తిరిగి రోజుకొకసారికి పెట్టుకోవచ్చు.